ఇంకా రెండున్నర మైళ్లు

1986 నవంబరు 6, గురువారం. ఉదయం 10 గంటల 22 నిమిషాలకు బ్రెంట్ సి ప్లాట్‌ఫాం మీద నుంచి చినూక్ హెలికాప్టర్ లేచింది.

చుట్టూ ఉత్తర సముద్రం. చేరాల్సిన చోటు షెట్లాండ్ దీవుల కొసన ఉన్న సంబర్గ్ విమానాశ్రయం. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పెట్రోలు ధర కదిలినప్పుడల్లా మన పేపర్లలో ‘బ్రెంట్ క్రూడ్’ అని రాస్తారు కదా, ఆ బ్రెంట్ ఇదే. 1971లో షెల్ కంపెనీ కనుక్కున్న చమురు క్షేత్రం. అక్కడి తమ క్షేత్రాలకు షెల్ వాళ్లు నీటిపక్షుల పేర్లు పెట్టుకుంటూ పోయారు. బ్రెంట్ ఒక జాతి అడవి బాతు.

హెలికాప్టర్ లోపల 44 మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది. ప్రయాణికులంతా సముద్రంలో తమ వంతు డ్యూటీ ముగించుకుని ఇళ్లకు పోతున్నవాళ్లు. ఇలాంటి ప్రయాణానికి ముందు మనిషినీ సంచినీ తూకం వేస్తారు. నీళ్లలో పడితే చలికి ఒళ్లు కొయ్యబారిపోకుండా మెడదాకా మూసే సూటు తొడిగిస్తారు. రోటర్ల హోరులో పక్కవాడి మాట వినపడదు కాబట్టి మాటలు తక్కువ. కొంతమంది నిద్రపోతారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడికి ఆ హోరే జోలపాట.

ముందు సీట్లో కెప్టెన్ పుష్ప్ వైద్. మన దేశం నుంచి వెళ్లిన మనిషి. 1971 డిసెంబరు యుద్ధంలో, పాకిస్తాన్ సైన్యం వంతెన కూల్చేసిన మేఘనా నది మీదుగా మన సైనికులను ఎంఐ-4 హెలికాప్టర్లలో ఆవలి ఒడ్డుకు దాటించిన వైమానిక దళ పైలట్లలో ఆయన ఒకరు. ఆ తర్వాత బ్రిటన్ వెళ్లి, ఉత్తర సముద్రం మీద చమురు కార్మికులను మోసే పనిలో కుదురుకున్నారు.

ఆ ఉదయం ప్రయాణం ఆలస్యంగానే మొదలైంది. మూడు రోజులుగా ఆ హెలికాప్టర్ సంబర్గ్ నుంచి బ్రెంట్‌కు షటిల్ తిరుగుతోంది. ముందురోజే స్కాట్లండ్‌లోని అబర్డీన్‌కు తిరిగి పోవాల్సింది. ఇంజిన్ గేర్‌బాక్సులో నూనె కారుతోందని ఆపేశారు. బాగుచేశారు. గురువారం ఉదయం బయల్దేరాల్సి ఉండగా మళ్లీ నూనె కారింది. మళ్లీ చూశారు. 8 గంటల 58 నిమిషాలకు 40 మందితో లేచి, బ్రెంట్‌లో మూడు ప్లాట్‌ఫాంల మీద దిగి, కొందరిని దించి, కొందరిని ఎక్కించుకుంది. చివరికి జరిగిన ఘోరానికి ఆ నూనె కారణం కాదు. కానీ ఆ ఉదయం అందరి కళ్లూ వెనక ఇంజిన్ల వైపే ఉన్నాయి. ముందు రోటర్ కింద, మూతపెట్టిన గేర్‌బాక్సు లోపల, ఒక ఉక్కు చక్రంలో పగులు పాకుతోంది. దాన్ని చూసే కన్ను ఆ హెలికాప్టర్లో లేదు.

వాతావరణం బాగుంది. 2,500 అడుగుల ఎత్తున చినూక్ నైరుతిగా, ఇంటివైపుగా సాగిపోతోంది.

ఇంత పెద్ద యంత్రం ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఎనిమిదేళ్లు వెనక్కి పోవాలి.

చమురు పట్నం అబర్డీన్ నుంచి బ్రెంట్‌కు సుమారు 480 కిలోమీటర్లు. 1970లలో ఆ సముద్రం మీద ఎక్కువగా తిరిగినవి సికోర్‌స్కీ ఎస్-61లు. సుమారు పాతికమంది పట్టే గట్టి యంత్రాలు. కానీ నిండా జనాన్ని ఎక్కించుకుని అంత దూరం ఒక్క దూకులో పోయి రావడం వాటి వల్ల అయ్యే పని కాదు. అందుకని ప్రయాణాన్ని రెండు ముక్కలు చేశారు. అబర్డీన్ నుంచి సంబర్గ్ దాకా మామూలు విమానం. అక్కడ దిగి, సూటు వేసుకుని, హెలికాప్టర్ ఎక్కాలి. సంబర్గ్‌లో పొగమంచు కమ్మితే గంటలు కాదు, రోజులు పోయేవి. సముద్రంలో ఉన్నవాడు దిగలేడు, గట్టున ఉన్నవాడు ఎక్కలేడు.

హెలికాప్టర్ల కంపెనీ ఇంజినీర్లూ, చమురు కంపెనీ రవాణా అధికారులూ బల్ల మీద పటం పరిచినప్పుడు వాళ్లు వేసే లెక్క మోటుగా చెప్పాలంటే ఇది: ఎంత దూరం, ఎంతమంది, ఎంత ఇంధనం, తలకు ఎంత ఖర్చు. చివరి చోట దిగలేకపోతే వెనక్కి రావడానికి ఇంధనం మిగలాలి. ఇంధనం పెరిగితే మనుషులు తగ్గుతారు. మనుషులు తగ్గితే తలసరి ఖర్చు పెరుగుతుంది. ఈ నాలుగింటినీ ఒకేసారి తృప్తిపరిచే యంత్రం కోసం వెతికితే, వియత్నాం యుద్ధంలో ఫిరంగులు మోసిన చినూక్ కనిపించింది. బోయింగ్ దాన్ని పౌర ప్రయాణానికి తగ్గట్టు మార్చింది. పక్కల్లో పెద్ద ఇంధన ట్యాంకులు పెట్టింది. 44 సీట్లు, ఒక అటెండెంట్, మరుగుదొడ్డి కూడా ఉన్న క్యాబిన్ తయారుచేసింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ హెలికాప్టర్స్ 1978లో ఆర్డరిచ్చింది. 1981లో అబర్డీన్ నుంచి నేరుగా బ్రెంట్ క్షేత్రానికి ప్రయాణాలు మొదలయ్యాయి. మధ్యలో విమానం మారే బాధ తప్పింది.

ఆ నిర్ణయం తెలివితక్కువదని నేను అనను. ఆర్డరిచ్చిన మరుసటి ఏడాదే, 1979 జూలై 31న, సంబర్గ్ నుంచి అబర్డీన్‌కు చమురు కార్మికులతో బయల్దేరిన డాన్-ఎయిర్ విమానం రన్‌వే దాటి సముద్రంలోకి దూసుకుపోయింది. నేల మీద నిలిపినప్పుడు గాలికి తోక రెక్క కొట్టుకోకుండా పట్టి ఉంచే తాళం తిరిగి పడిపోవడంతో విమానం పైకి లేవలేదు. ఒడ్డు కళ్ల ముందే ఉంది. 47 మందిలో 17 మంది చనిపోయారు. మధ్య మజిలీ తీసేస్తే ఆ ముప్పు కూడా తీరుతుందనుకోవడం సహజం.

చినూక్ తన తొలి పరీక్షలో నెగ్గింది కూడా. 1984 మే 2న ఒక చినూక్ నియంత్రణలో ఇబ్బంది వచ్చి ఉత్తర సముద్రంలో దిగాల్సి వచ్చింది. అందులోనూ 47 మందే. నీళ్ల మీద తేలింది, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పెద్ద యంత్రం కాబట్టి నిలబడిందని చాలామంది అనుకుని ఉంటారు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

చినూక్ పనితీరులో ఒక్క మెలిక ఉంది. అది అర్థం కావాలంటే రోకటిపోటు గుర్తు తెచ్చుకోవాలి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి వడ్లు దంచుతారు. ఒకరి రోకలి దిగుతుంటే ఇంకొకరిది లేస్తుంది. చూసేవాళ్లకు రెండు రోకళ్లూ ఎప్పుడు గుద్దుకుంటాయో అనిపిస్తుంది. లయ తప్పనంతసేపూ గుద్దుకోవు. చినూక్ రెండు రోటర్లూ అంతే. ఒక్కో దానికి మూడేసి రెక్కలు, ఎదురు దిశల్లో తిరుగుతాయి. రెండింటి వృత్తాలూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. ముందుదాని రెక్క ఖాళీ చేసిన చోటులోకి వెనకదాని రెక్క వస్తుంది. ఈ లయను పట్టి ఉంచేది పైకప్పు పొడవునా పోయే ఒక ఇరుసు, దాని రెండు చివర్లా ఉన్న గేర్‌బాక్సులు. ఒక్క పళ్లచక్రం విరిగితే లయ పోతుంది. లయ పోతే రోకళ్లు గుద్దుకుంటాయి.

ఒకే పెద్ద రోటరున్న హెలికాప్టర్లకు కూడా గేర్‌బాక్సు విరిగితే చావే. ఆ మాట దాచడం న్యాయం కాదు. కానీ వాటిలో రెక్కకు రెక్క శత్రువు కాదు.

సంబర్గ్ దగ్గరపడింది. 1,000 అడుగులకు దిగడానికి కంట్రోల్ టవర్ అనుమతిచ్చింది. నాలుగున్నర మైళ్ల దూరంలో ఉన్నామని చినూక్ నుంచి కబురు. దిగవచ్చని టవర్ జవాబు. ఇంటికి వెళ్లేవాళ్లకు అదొక తెలిసిన ఘట్టం. చెవుల్లో ఒత్తిడి మారుతుంది. కిటికీ పక్కనున్నవాడికి కొండకొమ్ము, దాని మీద దీపస్తంభం, నేల కనిపిస్తాయి. నిద్రపోయినవాళ్లు లేస్తారు. బెల్టు సరిచూసుకుంటారు.

కాక్‌పిట్‌లో హోరు పెరిగింది. కెప్టెన్ చెవికి ఆ తేడా తెలిసింది. ఏ భాగం నుంచి వస్తోందో తేల్చుకునే వ్యవధి లేదు. పెద్ద చప్పుడు.

ముందు రోటర్‌కూ వెనక రోటర్‌కూ లయ తెగింది. రెక్కలు ఢీకొన్నాయి. వెనక రోటర్ దాని గేర్‌బాక్సుతో సహా ఊడిపోయింది. ముక్కు ఆకాశంలోకి లేచింది. తోక కిందికి, నిట్టనిలువునా యంత్రం సముద్రంలో పడింది. కెప్టెన్ కంట్రోళ్లు లాగుతున్నారు. వాటి అవతలి కొసన మాట వినేది ఏమీ మిగల్లేదు.

సమయం పదకొండున్నర. రన్‌వే ఇంకా రెండున్నర మైళ్లు.

టవర్‌కు ఆ తర్వాత చినూక్ నుంచి ఒక్క మాటా రాలేదు. అప్పుడే వేరే పని మీద సంబర్గ్ నుంచి లేచిన కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్‌కు కింద నీళ్ల మీద లైఫ్‌రాఫ్టులు కనిపించాయి. ప్రమాదం జరిగిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంకొంచెం దగ్గరికి పోతే ఒక మనిషి పెద్ద శకలాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. ఆయన్ని తాడుతో పైకి లాగుతుండగా, తేలుతున్న శవాల నడుమ ఇంకొక మనిషి కదిలాడు. ఇద్దరినీ లెర్విక్ ఆసుపత్రికి చేర్చారు. ఒకరు కెప్టెన్ వైద్. ఇంకొకరు ప్రయాణికుడు. హెలికాప్టర్లు, ఒక విమానం వచ్చి సముద్రమంతా గాలించాయి. బతికినవాళ్లు ఇక లేరు.

నలభై ఏడుగురిలో నలభై ఐదుగురు. బ్రిటన్ పౌర హెలికాప్టర్ చరిత్రలో అంతకు మించిన చావులు అంతకుముందూ లేవు, ఈనాటికీ లేవు.

ఈ కథ చదివిన ప్రతిసారీ నేను ఆగేది ఒక చిన్న విషయం దగ్గర. ఎంత దూరం కోసమైతే చినూక్‌ను కొన్నారో, ఆ దూరం ఆ రోజు అది పోవడం లేదు. సంబర్గ్‌కు, బ్రెంట్‌కు మధ్య, ఎస్-61 చేయగల దగ్గరి ప్రయాణమే చేస్తోంది. కొన్న యంత్రం ఉంది కాబట్టి, 44 సీట్లు ఉన్నాయి కాబట్టి, తిప్పారు. అంతకంటే చిన్న యంత్రం తిరిగి ఉంటే అంతమంది ఒకే పళ్లచక్రం మీద ఆధారపడేవాళ్లు కాదు. ఒకే బుట్టలో ఎన్ని గుడ్లు పెట్టవచ్చన్న ప్రశ్న మాత్రం సీటు ఖర్చు లెక్కలో ఏ గడిలోనూ కనిపించదు.

దర్యాప్తు అధికారులు సముద్రం అడుగు నుంచి శకలాలనూ కాక్‌పిట్ రికార్డర్‌నూ పైకి తీయించారు. 1988లో నివేదిక వచ్చింది. విరిగినది ముందు గేర్‌బాక్సులోని రింగ్ గేర్. బోల్టులతో ఇరుసుకు బిగించిన పెద్ద పళ్లచక్రం. పదేపదే పడే భారానికి ఉక్కు అలసిపోయి పగులు పుట్టింది, పాకింది, తెగింది. ఆ చక్రం పాత రకం కాదు. మార్పులు చేసి అమర్చిన రకం. లోతైన కారణాలుగా నివేదిక రెండు మాటలు చెప్పింది. ఆ మార్పును సరేనని ఒప్పుకోవడానికి ముందు చేసిన పరీక్షలు చాలలేదు. దాని మీద పెట్టిన గట్టి తనిఖీలు పగులును పట్టుకోలేకపోయాయి.

యంత్రాన్ని ఎంచుకోవడం అంటే ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టిన రోజున అయిపోయే పని అనుకుంటాం. ఈ నివేదిక చదివితే అలా కాదని తెలుస్తుంది. 1978లో ఎంచుకున్న చినూక్, 1986లో ఎగిరిన చినూక్ ఒకటి కావు. మధ్యలో ఒక చక్రం మారింది. దాన్ని ఒప్పుకున్న రోజున ఎవరో మళ్లీ ఒకసారి ఎంపిక చేశారు. ఆ రెండో ఎంపిక గురించి బ్రెంట్ డెక్ మీద వరుసలో నిలబడ్డ ఏ మనిషికీ తెలియదు. మొదటి ఎంపిక కూడా వాళ్లను అడిగి చేసింది కాదు.

ప్రమాదం తర్వాత మాత్రం వాళ్లను పట్టించుకోక తప్పలేదు. సముద్రంలో పనికి పోయేవాడు హెలికాప్టర్ ఎక్కనంటే చమురు పైకి రాదు. చినూక్ మీద నమ్మకం పోయింది. ఉత్తర సముద్రంలో అది మళ్లీ ప్రయాణికులను మోయలేదు. ఎస్-61లు, వాటి వెనక పందొమ్మిది మంది దాకా పట్టే సూపర్ ప్యూమాలు ఆ దారులను తీసుకున్నాయి. గేర్‌బాక్సుల కంపనాన్ని ఎప్పటికప్పుడు నమోదు చేసి, పగులు పాకుతుంటే ముందే పట్టుకోవాలని చూసే పరికరాలు 1990ల మొదట్లో ఆ సముద్రం మీద తిరిగే హెలికాప్టర్లలో అమరడం మొదలైంది. మూతపెట్టిన గేర్‌బాక్సు లోపలికి ఒక కన్ను వచ్చింది.

ఆ కన్ను కూడా అన్నీ చూడలేదు. 2009 ఏప్రిల్ 1న సూపర్ ప్యూమా ఒకటి స్కాట్లండ్ తీరం దగ్గర కూలి 16 మంది, 2016 ఏప్రిల్ 29న నార్వేలోని తురోయ్ దగ్గర అదే కుటుంబానికి చెందిన ఇంకొకటి కూలి 13 మంది చనిపోయారు. రెండుసార్లూ ప్రధాన గేర్‌బాక్సులో చిన్న పళ్లచక్రం అలసిపోయి పగిలింది, రోటర్ ఊడిపోయింది. తురోయ్ తర్వాత ఆ యంత్రాలు ఎగరకుండా పెట్టిన నిషేధాన్ని 2017లో అధికారులు ఎత్తేశారు. తయారీదారు ఎయిర్‌బస్ స్వయంగా కార్మికులను అడిగితే, పదిమందిలో ఆరుగురు అవకాశం ఉంటే దాన్ని ఎక్కబోమన్నారు. చమురు కంపెనీలు ఆ మాట విన్నాయి. చట్టం ఎగరవచ్చన్నా, అక్కడి ప్లాట్‌ఫాంలకు ఆ యంత్రం తిరిగి పోలేదు. ఎక్కేవాడి మాటకు అంత బరువు రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. నాకు మాత్రం ఇందులో ఊరట కలిగించే సంగతి ఇదొక్కటే.

చినూక్ కూలిన 1986లోనే మన దేశమూ ఒక ఎంపిక చేసింది. సముద్రంలో చమురు తవ్వకాలకు, మారుమూల ప్రాంతాలకు హెలికాప్టర్లు నడపడానికి అప్పుడే పుట్టిన ప్రభుత్వ సంస్థ పవన్ హన్స్. దానికి బ్రిటన్‌లోని వెస్ట్‌లాండ్ కంపెనీ హెలికాప్టర్లు 21 అంటగట్టారు. ఆ మాట కావాలనే వాడుతున్నాను. ఢిల్లీకి మొదట్నుంచీ ఇష్టం లేదు. దివాలా అంచున ఉన్న కంపెనీని నిలబెట్టుకోవడం లండన్‌కు అవసరం. 6.5 కోట్ల పౌండ్ల బ్రిటిష్ సహాయంతో కొనుగోలు జరిగింది. ప్రాణాలు తీసిన రెండు ప్రమాదాల తర్వాత 1991లో అన్నింటినీ నేల మీద నిలిపేశారు. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, చివరికి సుమారు 9 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయాయి. ఈ ఎంపికలో దూరం, సీట్లు, ఇంధనం లెక్కలు కూడా వెనక్కి పోయాయి. ఎక్కేవాడు అసలు బల్ల దగ్గరే లేడు. మన సముద్రపు పనికి నిజంగా నిలబడ్డవి అదే కాలంలో వచ్చిన ఫ్రెంచి డాఫిన్లు.

ఇప్పుడు రాజమహేంద్రవరం విమానాశ్రయం నుంచి హెలికాప్టర్లు లేచి గోదావరి పాయల మీదుగా కృష్ణా-గోదావరి బేసిన్ రిగ్గుల వైపు పోతుంటే, పొలాల్లో ఉన్నవాళ్లు తలెత్తైనా చూడరు, అంత అలవాటు. వాటిలో మన పిల్లలున్నారు. పద్నాలుగు రోజులు నీళ్ల మీద, పద్నాలుగు రోజులు ఇంట్లో. సముద్రం మీదికి పోయే ముందు వాళ్లు ఒక శిక్షణ తీసుకుంటారు. హెలికాప్టర్ క్యాబిన్ లాంటి పెట్టెలో బెల్టు కట్టి కూర్చోబెట్టి, కొలనులో ముంచి తలకిందులు చేస్తారు. ఊపిరి బిగబట్టి, కిటికీ చేత్తో తడిమి గుర్తుపట్టి, బెల్టు విప్పుకుని బయటపడాలి. యంత్రం కూలితే తానేం చెయ్యాలో ఆ కుర్రవాడికి నేర్పుతారు. ఏ యంత్రం ఎక్కాలో ఎవరూ అడగరు. 2022 జూన్‌లో ముంబై తీరానికి అవతల పవన్ హన్స్ హెలికాప్టర్ రిగ్గు పక్కన నీళ్లలో పడినప్పుడు తొమ్మిది మందిలో ఐదుగురు బతికారు.

సంబర్గ్ ప్రమాదం తర్వాత మిగిలిన చినూక్‌లను తుక్కు చేయలేదు. అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని కొలంబియా హెలికాప్టర్స్ కంపెనీ వాటిని కొనుక్కుంది. ఆ క్యాబిన్లలో వరసకు వరస సీట్లు పీకేశారు. బండ్లు పోలేని కొండ అడవుల్లో నరికిన చెట్లను తాడుకు కట్టి పైకెత్తి లోయ దాటించే పనిలో పెట్టారు. రెండు రోటర్లూ ఒకదాని దారిలోకి ఒకటి వస్తూ, లయ తప్పకుండా, అలాగే తిరిగాయి. ముందు పైలట్లు, కింద పొడవాటి తాడుకు దుంగలు. మధ్యలో, నలభై నలుగురు కూర్చున్న చోట, ఖాళీ.